శేషం మిగలరాదు, మోకాలు మిగలాలి

(ఆలయ ప్రాంగణంలో ఎముకలు, కీళ్ల ఉచిత వైద్య శిబిరం ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వైద్య శిబిరం ప్రారంభ సభలో, వ్యాకరణ కావ్యాలు పాఠం చెప్పుకొని జీవించిన ఒక వృద్ధ పండితుడు మాట్లాడటమేమిటని మీలో కొందరికి తోచి ఉంటుంది. ధర్మకర్తలు నన్ను పిలిచినప్పుడు నాకూ అదే తోచింది. అయినా ఒప్పుకొన్నాను. ఒక పదానికి అర్థం తెలుసునన్న గర్వంతో నేను మా ఇంట చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని నలుగురిలో చెప్పితే మరొక ఇంట అది జరగకుండా ఉంటుందన్న ఆశతో ఈ వేదిక ఎక్కాను. నేను వైద్యుడను కాను. వైద్యుల వద్ద కూర్చుండి అడిగి తెలిసికొన్నదీ, మా పిల్లకు జరిగినదీ మాత్రమే మనవి చేస్తాను.

ముందుగా మోకాలిని గురించి ఒక మాట. భక్తునికి మోకాలు లేనిదే యాత్ర లేదు. ప్రదక్షిణకు, సాష్టాంగ ప్రణామానికి, పీటపై కూర్చుండి సంకల్పం చెప్పుకొనడానికి, అన్నప్రసాద పంక్తిలో కూర్చుండి లేవడానికి మోకాలే ఆధారం. అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరినవారికి ‘మోకాళ్ల పర్వతం’ పేరు తెలియనిది కాదు. ఆ కొండను పాదాలతో తొక్కడానికి మనసొప్పక భగవద్రామానుజులు మోకాళ్లపై ఎక్కారని పెద్దలు చెబుతారు.

మన ప్రాచీన శస్త్రవైద్య గ్రంథమైన సుశ్రుత సంహిత, శారీరస్థానం 6వ అధ్యాయంలో, దేహంలోని 107 మర్మస్థానాలను లెక్కించింది. వాటిలో ‘జాను’ అనగా మోకాలు ఒకటి. అది సంధి మర్మం. దెబ్బ తగిలిన వెంటనే ప్రాణం తీసే మర్మాలు కొన్ని ఉన్నవి. జానువు ఆ వర్గంలో లేదు. వైకల్యం కలిగించే వర్గంలో ఉన్నది. అది చెడితే మనిషి బ్రతుకుతాడు కాని కుంటివాడవుతాడు. నేను చెప్పబోయే వ్యాధి స్వభావం కూడా సరిగా అటువంటిదే.

మా అమ్మాయి కూతురు పాఠశాలలో ఉపాధ్యాయిని. అప్పుడు ఆమెకు 27 సంవత్సరాలు. శ్రావణమాసంలో కుడి మోకాలి పైభాగాన నొప్పి మొదలైంది. నిలబడి పాఠం చెప్పడం వలన వచ్చిన నొప్పి అనుకొన్నాము. నూనె రాసి మర్దన చేశారు. ఎవరో చెప్పగా కట్టు కట్టించారు. పగలు నడిచినప్పుడే కాక రాత్రి పడుకొన్నా నొప్పి తగ్గలేదు. మోకాలి ప్రక్కన కొద్దిపాటి వాపు కనిపించింది. ఆశ్వయుజంలో ఎక్స్‌రే తీయించగా తొడ ఎముక క్రింది కొనలో, కీలుకు ఆనుకొని, ఎముక ఉండవలసిన చోట నల్లని ఖాళీ కనిపించింది. చుట్టూ గోడ మాత్రం పలుచగా మిగిలి ఉన్నది. మామిడి టెంకలో పురుగు చేరి లోపలి జీడిని తినివేసినా, పైకి టెంక టెంకగానే కనబడుతుంది చూడండి, అట్లా ఉన్నది ఆ చిత్రం.

తరువాతి పరీక్షలలో దాని పేరు తెలిసింది. జెయింట్ సెల్ ట్యూమర్. తెలుగులో మహాకణ కణితి అనుకొనవచ్చు. వైద్యుడు దానిని ‘బినైన్’ అన్నారు. అంటే ఏమని నేను అడిగాను. ప్రక్కనున్న ఒక యువకుడు, మంచి మనసుతోనే, “నిరపాయకరమైనది అని అర్థమండీ, క్యాన్సర్ కాదు” అని తెలుగులో చెప్పాడు.

ఆ తెలుగు మాటే నన్ను పట్టుకొన్నది. అపాయం లేనిది నిరపాయం. విగ్రహవాక్యం చెప్పడానికి నాకెవరి సహాయమూ అవసరం లేదు కదా! మాఘమాసంలో పిల్ల పెండ్లికి లగ్నం నిశ్చయమై ఉన్నది. “శస్త్రచికిత్స త్వరగా చేయించాలి, ఆలస్యం చేయవద్దు” అని వైద్యుడు చెప్పిన మాట నా చెవిన పడింది కాని మనసున పడలేదు. అపాయం లేని దానికి తొందరేమిటి, పెండ్లి కానిచ్చి చేయిద్దామన్నాను. ఇంటిలో నా మాటకు ఎదురు లేదు. పిల్ల మాత్రం ఒక్కసారి, “తాతయ్యా, మెట్లు దిగేటప్పుడు లోపల ఏదో కదిలినట్లుంటోంది” అన్నది. దానికీ నేను ధైర్యమే చెప్పాను.

పుష్యమాసంలో ఒకనాటి ఉదయం వంటింటి గడప దాటుతూ ఆమె కూలబడింది. జారిపడలేదు. అడుగు వేయగా ఎముక నెర్రె విచ్చింది.

ఆ తరువాత ‘బినైన్’ అన్న మాటను వైద్యులు ఏ అర్థంలో వాడుతారో విచారించాను. అది లాటిన్ భాష నుండి వచ్చిన మాట. సౌమ్యమైనది, దయగలది అని మూలార్థం. దూరప్రాంతాలకు ప్రాకి ప్రాణం తీసే స్వభావం సాధారణంగా లేనిది అని వైద్యుల తాత్పర్యం. ఉన్నచోట హాని చేయదని మాత్రం దాని అర్థం కాదు. ఈ మహాకణ కణితిని వైద్యులు ‘సౌమ్యమే కాని దూకుడైనది’ అంటారు. ప్రాణం జోలికి అరుదుగా పోతుంది. ఎముక జోలికి తప్పక పోతుంది. నూటికి రెండు మూడు సందర్భాలలో ఊపిరితిత్తులలో కూడా కనబడుతుంది కనుక ఛాతీ పరీక్ష కూడా చేస్తారు. ‘నిరపాయం’ అన్న తెలుగు మాట ఈ వ్యాధికి సరిపడదు. ‘క్యాన్సర్ కాదు, కాని ఎముకను తినివేస్తుంది’ అని రెండు భాగాలూ కలిపి చెప్పాలి. సగం చెప్పితే నావంటి వాడు ఆ సగాన్నే పట్టుకొంటాడు.

ఈ వ్యాధి ఎట్లా పనిచేస్తుందో చెబుతాను. ఎముక రాయివలె జడమైనది కాదు. పాత ఎముకను తొలిచివేసే కణాలు, క్రొత్త ఎముకను కట్టే కణాలు అందులో నిత్యం పనిచేస్తూ ఉంటాయి. ఇల్లు మరమ్మతు చేసేటప్పుడు ఒకరు పాత గోడ విప్పుతూ ఉంటే మరొకరు క్రొత్త గోడ కడుతున్నట్లు. ఈ వ్యాధిలో కణితి యొక్క అసలు కణాలు, విప్పేవారిని రమ్మనే సంకేతాన్ని అదుపు లేకుండా పంపుతాయి. ఆ పిలుపుకు వచ్చిన కణాలు ఒకదానితో ఒకటి కలిసి, అనేక కేంద్రకాలు గల పెద్ద కణాలై ఎముకను తొలుస్తాయి. సూక్ష్మదర్శినిలో కనిపించే ఆ పెద్ద కణాలను బట్టే వ్యాధికి ఆ పేరు వచ్చింది. ఇంగ్లాండు దేశపు శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1818లోనే ఇటువంటి కణితిని వర్ణించారు.

ఇది ఎక్కువగా 20 నుండి 40 సంవత్సరాల మధ్య వయస్సు వారికి వస్తుంది. స్త్రీలలో కొద్దిగా ఎక్కువ. సుమారు సగం సందర్భాలలో మోకాలి వద్దనే పుడుతుంది. తొడ ఎముక క్రింది కొనలో గాని, మోకాలి క్రిందనున్న పెద్ద ఎముక పై కొనలో గాని. ఇంకొక విషయం గట్టిగా చెప్పాలి. ఇది అంటువ్యాధి కాదు. తల్లి నుండి బిడ్డకు దిగే వంశవ్యాధి కాదు. పెండ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో ఆడపిల్లల వ్యాధిని దాచే కుటుంబాలు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

ఎక్స్‌రే చూసి అనుమానం కలిగిన తరువాత ఎం.ఆర్.ఐ. తీస్తారు. కణితి ఎముక గోడలోపలనే ఉన్నదా, గోడ దాటి కండలోకి వచ్చిందా, కీలు మృదులాస్థికి ఎంత దగ్గరగా ఉన్నది అన్నవి అందులో తెలుస్తాయి. ఇటలీ దేశపు వైద్యుడు కాంపనాచి 1987లో ప్రకటించిన పద్ధతిని అనుసరించి దీనిని మూడు స్థాయులుగా చెబుతారు. గోడ చెక్కుచెదరనిది మొదటిది. గోడ పలుచనై ఉబ్బినది రెండవది. గోడను చీల్చుకొని బయటకు వచ్చినది మూడవది. ఆశ్వయుజంలో మా పిల్లది రెండవ స్థాయి. పుష్యానికి మూడవ స్థాయి అంచుకు చేరిందన్నారు. ఆ మధ్య గడచిన మూడు నెలలూ నేనిచ్చినవే.

చిన్న ముక్క తీసి పరీక్షించడాన్ని బయాప్సీ అంటారు. ముక్క తీస్తే గడ్డ రేగుతుందన్న భయం మన ప్రజలలో ఉన్నది. ఆ ముక్క లేనిదే వ్యాధి నిర్ణయం లేదు. అయితే దానిని ఎక్కడబడితే అక్కడ తీయరాదు. తరువాత చేయబోయే కోత గీత వెంబడిగానే సూది దిగాలి. కనుక శస్త్రచికిత్స చేసే వైద్యుడే తీయడం గాని, ఆయన చెప్పిన చోట తీయించడం గాని మంచిది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల దోషం వలన కూడా ఎముకలో ఇటువంటి పెద్ద కణాల గడ్డలే ఏర్పడతాయి. సూక్ష్మదర్శినిలో రెండూ ఒక్కతీరుగా ఉంటాయట. అందుకే రక్తంలో కాల్షియం మొదలైన పరీక్షలు కూడా చేస్తారు. ఇన్ని పరీక్షలు ఎందుకని విసుగుకొనకండి. ఆ గ్రంథి దోషమైతే చికిత్స వేరు.

ఇక శస్త్రచికిత్స. ఇక్కడ నాకు మరల సుశ్రుతుడు గుర్తుకు వచ్చాడు. చికిత్సాస్థానం 18వ అధ్యాయంలో ఆయన అర్బుదాల చికిత్స చెప్పాడు. ఆనాటి ‘అర్బుదం’ అన్న మాట పెరిగే గడ్డలన్నిటికీ వర్తిస్తుంది. గడ్డలో కొంత శేషం మిగిల్చి తీసిన యెడల అది శీఘ్రంగా తిరిగి పుడుతుందనీ, మిగిలిన నిప్పువలె హాని చేస్తుందనీ, అందుచేత నిశ్శేషంగా తీయాలనీ అక్కడి ఉపదేశం. శస్త్రంతో పాటు క్షారాన్ని, అగ్నిని ఉపయోగించడం ఆ సంప్రదాయంలో ఉన్నది. ఆధునిక శస్త్రచికిత్స అంతా మనవారికి ముందే తెలుసునని నేను చెప్పబోవడం లేదు. ఎక్స్‌రే వారికి లేదు, మత్తుమందు లేదు, ఎముక లోపల ఈ కణాలున్నవని తెలియదు. కాని శేషం మిగలరాదన్న వివేకం వారిదీ, ఈనాటి వైద్యులదీ ఒక్కటే. అప్పు, నిప్పు, పగ మిగల్చరాదని మన ఇళ్లలో అనేది కూడా ఈ వివేకమే.

ఆ శస్త్రచికిత్సను క్యూరెటేజ్ అంటారు. తొలిచి గీకి తీయడం. వెనుకటి కాలంలో ఎముకకు చిన్న రంధ్రం చేసి, చెంచా వంటి పరికరంతో అందినంత గీకి తీసేవారు. మూలలు కనబడేవి కావు. అట్లా చేసిన వారిలో నాలుగవ వంతు మొదలు సగం మంది వరకు వ్యాధి తిరిగి వచ్చేది. ఇప్పుడు కణితి ఎంత మేర ఉన్నదో దాదాపు అంత పెద్ద కిటికీని ఎముక గోడలో తెరుస్తారు. లోపలి మూలమూలా కంటికి కనబడాలి. చెంచాతో తీసిన తరువాత, పంటి వైద్యులు వాడే దానివంటి, అతివేగంగా తిరిగే బర్ అనే పరికరంతో గుహ గోడలను అన్ని వైపులా చెక్కుతారు. ఆ పైన గోడకు అంటుకొని మిగిలి ఉండే కణాలను చంపడానికి కొందరు ఫినాల్ పూస్తారు. కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడుగుతారు. కొందరు ద్రవ నత్రజనితో గడ్డకట్టిస్తారు. ఏది వాడినా బర్‌తో శ్రద్ధగా చెక్కడమే ముఖ్యమని మా వైద్యుడు చెప్పారు.

ఇట్లా ఖాళీ చేసిన చోటును నింపాలి. దానికి బోన్ సిమెంట్ వాడుతారు. పేరు విని ఇల్లు కట్టే సిమెంట్ అనుకొనవద్దు. కట్టుడు పళ్ల సెట్టులో వాడే అక్రిలిక్ జాతికి చెందిన పదార్థమే ఇది. ముద్దగా కలిపి గుహలో నింపితే కొద్ది నిమిషాలలో గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి కూడా మిగిలిన కణాలకు కొంత శత్రువే. మోకాలి మృదులాస్థి మరీ దగ్గరగా ఉన్నచోట ఆ వేడి నేరుగా తగలకుండా ముందు ఎముక పొడిని ఒక పొరగా పరచి, దానిపై సిమెంట్ నింపుతారు. అవసరమైతే ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. సిమెంట్ వలన కాలికి వెంటనే బలం వస్తుంది. మరొక లాభం కూడా ఉన్నది. ఎక్స్‌రేలో సిమెంట్ తెల్లగా కనబడుతుంది. దాని అంచున క్రొత్తగా నల్లని గీత ఏర్పడి పెరిగితే, వ్యాధి తిరిగి వచ్చినట్లు తొందరగా గుర్తుపట్టవచ్చు.

ఎముక గోడ పూర్తిగా పోయి, కీలు కూలిపోయిన వారికి ఇది చాలదు. అప్పుడు ఎముక కొననంతా కోసి తీసివేసి, లోహపు పెద్ద కృత్రిమ కీలు అమర్చుతారు. లేదా మోకాలు వంగకుండా నిట్టనిలువుగా ఎముకలను అతికించివేస్తారు. మొత్తం తీసివేసినందున వ్యాధి తిరిగి రావడం తక్కువే. కాని 25 ఏండ్ల పిల్లకు అమర్చిన లోహపు కీలు జీవితాంతం నిలవదు. అరుగుతుంది, వదులవుతుంది, మరల మార్చవలసి వస్తుంది. అతికించిన కాలు గట్టిగా నిలబడుతుంది కాని ఇక వంగదు. అందుకే సాధ్యమైనంతవరకు గీకి నింపే పద్ధతితోనే సొంత మోకాలిని నిలపాలని వైద్యులు చూస్తారు. డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ ఎముకను తొలిచే కణాలకు అందే సంకేతాన్ని ఆపుతుంది. అమెరికాలో 2013లో ఈ వ్యాధికి దానిని అనుమతించారు. శస్త్రచికిత్స చేయలేని చోట్ల, చేస్తే పెద్ద నష్టం కలిగే చోట్ల అది ఉపకరిస్తుంది. అయితే దానిని వాడి తరువాత గీకి తీసిన వారిలో వ్యాధి తిరిగి రావడం ఎక్కువగా కనబడింది కనుక వైద్యులు దానిని ఆచితూచి వాడుతారు. గర్భిణులకు ఇవ్వరాదు. ఇంజెక్షన్ ఉన్నదని విని శస్త్రచికిత్స మానవచ్చుననుకొనడం పొరపాటు.

శస్త్రవైద్యుని ధర్మసంకటం ఇందులో ఉన్నది. వ్యాధి శేషం మిగలరాదని ఎక్కువ తీస్తే మోకాలు పోతుంది. మోకాలు మిగలాలని తక్కువ తీస్తే వ్యాధి మిగులుతుంది. ‘శేషం’ అన్న మాటకు మిగిలినది అని అర్థం. ప్రళయంలో అన్నీ లయించినా మిగిలి, స్వామిని మోసేవాడు కనుక ఆదిశేషుడు శేషుడయ్యాడని పెద్దల వ్యాఖ్యానం. మిగిలి కాల్చే శేషం ఒకటి, మిగిలి మోసే శేషం ఒకటి. ఆ రెండింటి నడుమ సరిహద్దు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. మనము చేసే ప్రతి ఆలస్యం ఆ సరిహద్దును మోకాలి వైపు జరుపుతుంది. నేను జరిపాను.

మా పిల్లకు పుష్యమాసంలోనే, శూన్యమాసమని గాని, తిథి వార నక్షత్రాలు గాని చూడకుండా శస్త్రచికిత్స జరిగింది. ముహూర్తం అడుగుతానేమోనని వైద్యుడు నా ముఖం చూశారు. “మీకు వీలైన గడియయే శుభముహూర్తం” అన్నాను. ఆ మాట మూడు నెలల ముందే అనవలసింది. నెర్రె విచ్చినా కీలు కూలిపోలేదు కనుక గీకి, సిమెంట్ నింపి, ప్లేటు బిగించి మోకాలిని నిలిపారు. మగపెండ్లివారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాము. వారు పెద్దమనసుతో ఒక సంవత్సరం ఆగారు. పెండ్లి మరుసటి ఏడు వైశాఖంలో జరిగింది.

కథ అక్కడ ముగిసి ఉంటే బాగుండేది. రెండవ సంవత్సరం తీసిన ఎక్స్‌రేలో సిమెంట్ అంచున సన్నని నల్ల గీత కనిపించింది. వ్యాధి తిరిగి వచ్చింది. ఇది ఎక్కువగా మొదటి రెండు మూడు సంవత్సరాలలోనే వస్తుందట. గీత సన్నగా ఉన్నప్పుడే కనబడినందున మరల అదే పద్ధతిలో తీసి మోకాలిని దక్కించారు. ఆమె ఆ రోజు పరీక్షకు పోకపోయి ఉంటే ఈరోజు లోహపు కీలుతో ఉండేది. నొప్పి లేదు కదా, బడికి సెలవు దొరకలేదు కదా అని మానుకొనబోతే ఆమె భర్త పట్టుబట్టి తీసుకొనిపోయాడు. ఆ రెండవ చికిత్స జరిగి ఇప్పటికి ఐదు సంవత్సరాలు. నడుస్తుంది, మెట్లు ఎక్కుతుంది. గొంతుకూర్చోలేదు. వరలక్ష్మీ వ్రతం నాడు పీటకు బదులు కుర్చీపై కూర్చుని పూజ చేసుకొంటుంది. అమ్మవారు కుర్చీకి అభ్యంతరం చెప్పినట్లు నాకెక్కడా కనబడలేదు.

కొందరు నన్ను అడిగారు. శాస్త్రిగారూ, ఇది పూర్వకర్మ ఫలం కాదా, అనుభవించక తీరుతుందా అని. వ్యాధి రావడం కర్మ కావచ్చును. మూడు నెలలు ఆలస్యం చేయడం పిల్ల కర్మ కాదు, నా నిర్ణయం. దైవమొక చక్రం, పురుషప్రయత్నమొక చక్రం. రెండూ ఉంటేనే బండి నడుస్తుందని చిన్ననాట చదువుకొన్నాము. మన ప్రయత్నంలోని లోపాన్ని దైవం ఖాతాలో వేయడం భక్తి కాదు. మ్రొక్కుకొనండి, తప్పక మ్రొక్కుకొనండి. మ్రొక్కుకొన్న రోజే ఎక్స్‌రే తీయించుకొనండి.

యాత్రికులకు నా విన్నపం ఇది. యుక్తవయస్సులో ఉన్న వారికి ఒక్క మోకాలిలోనే నొప్పి వచ్చి, మూడు నాలుగు వారాలైనా తగ్గక, రాత్రివేళ బాధిస్తూ, వాపు కనబడితే మర్దన, కట్టు ఆపి ముందు ఎక్స్‌రే తీయించండి. మోకాలి నొప్పులన్నీ ఇదే వ్యాధి అని భయపడవద్దు. ఇది అరుదైనది. అరుదైనది కనుకనే, నూనెలతోనూ మాత్రలతోనూ కాలం గడచిపోతుంది. పేరు తెలిసిన తరువాత ఎముక కణితుల చికిత్సలో అనుభవం ఉన్న వైద్యుని వద్దకు పోవాలి. మొదటి శస్త్రచికిత్స ఎంత శ్రద్ధగా జరిగితే మోకాలికి అంత రక్ష. ఖర్చుకు జంకవద్దు. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించే ఆసుపత్రులలో ఆరోగ్య మిత్ర అనే ఉద్యోగి ఉంటారు. మన కాగితాలు చూపించి, ఈ చికిత్సకు పథకం వర్తిస్తుందా అని ఆయననే అడగాలి.

దాతలకు ఒక విన్నపం. మీరు ఆపరేషన్‌కు ధనమిస్తారు, అది మహాపుణ్యం. కాని ఆపరేషన్ తరువాత మొదటి రెండు సంవత్సరాలు సాధారణంగా మూడు నాలుగు నెలలకొకసారి, ఆ పైన ఐదేండ్లు నిండేవరకు ఆరు నెలలకొకసారి, మోకాలికీ ఛాతీకీ పరీక్షలు చేయించుకోవాలి. ఊరి నుండి నగరానికి రానుపోను ఛార్జీలు, తోడు వచ్చేవారి భోజనం, ఆ రోజు పోయే కూలి, ఎక్స్‌రే రుసుము. వీటికి ఇచ్చేవారు తక్కువ. పేదవారు మొదట మానుకొనేది ఈ ప్రయాణాన్నే. నొప్పి లేదు కదా అని ఆగిపోతారు. నల్లని గీత లోపల పెరుగుతూ ఉంటుంది. శస్త్రచికిత్సకు ఇచ్చి తరువాతి ప్రయాణాలకు ఇవ్వకపోతే మన దానంలో కూడా శేషం మిగిలినట్లే. ఒక రోగికి ఐదేండ్ల రాకపోకలు నావి అని ఒక్కొక్క దాత ఒక్కొక్కరిని స్వీకరించిన యెడల ఈ శిబిరం పరిపూర్ణమవుతుంది. నా వంతుగా ఒకరి ఐదేండ్ల ప్రయాణ వ్యయాన్ని నేను నా పింఛను నుండి భరిస్తానని స్వామి సన్నిధిలో సంకల్పం చెప్పుకొన్నాను. ధర్మకర్తల కార్యాలయంలో పేరు వ్రాయించాను.

మా మనుమరాలు ఈ రోజు సభకు వచ్చింది. వెనుక వరుసలో కుర్చీపై కూర్చున్నది. తన సంగతి చెప్పడానికి ఆమె అనుమతి తీసుకొన్నాను. “నా పేరు మాత్రం చెప్పకండి తాతయ్యా, మీ తప్పు మాత్రం దాచకండి” అన్నది. రెండూ పాటించాననే అనుకొంటున్నాను.

ఈ శిబిరానికి వచ్చే ప్రతి మోకాలినీ స్వామి తన మెట్ల వరకు నడిపించుగాక.

స్వస్తి.